ఆఖర్న ఫోటో వేస్తామన్నారు

పోయిన నెలలో ఒకరోజు తెనాలి స్టేషన్లో రేపల్లె బండి ఎక్కి, కిటికీ పక్కన చోటు దొరికిందన్న సంబరంతో సంచీ ఒళ్ళో పెట్టుకుని ఇంకా సర్దుకుని కూర్చోనైనా లేదు, ఎదుటి బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని చూస్తున్న ఫోనులోంచి పాత సంగీతం ఒకటి మోగింది. నా ఈడువాళ్ళకి ఆ సంగీతం గురించి వర్ణించి చెప్పక్కర్లేదు. వారానికోసారి టీవీలో నేరాల కార్యక్రమం మొదలయ్యే ముందు వచ్చేది. అది వినపడగానే ఎక్కడి పని అక్కడ వదిలేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ టీవీ ముందు చేరినవాళ్ళమే అందరం. ఇన్నేళ్ళ తరవాత ఎవరో పుణ్యాత్ములు ఆ పాత భాగాలన్నీ వెతికి తెచ్చి ఫోన్లలో పెట్టారు. ఎప్పుడు కావలిస్తే అప్పుడు చూసుకోవచ్చు, చూసి కింద ఎవరి అభిప్రాయం వాళ్ళు రాసుకోవచ్చు.

"మొగుడే వదినా, ఇంకెవరు? పెళ్ళాం కనపడకపోతే అరటిపళ్ళు పట్టుకుని చుట్టాలిళ్ళకి తిరుగుతాడా ఎవడన్నా?" అంది చిన్నామె.

"నాలుగు తగిలిస్తే ఆరోజే చెప్పేవాడు. పోలీసులు మెతగ్గా వదిలేశారు," అంది పెద్దామె.

చిన్నామె ఆ మాటే ఫోనులో రాసింది. రాసింది పైకి వచ్చిందో లేదో ఒకసారి చూసుకుని, తృప్తిగా సంచీలోంచి జామకాయ తీసి వదినకి సగం ఇచ్చింది. మంచివాళ్ళే, నాకూ ఒక ముక్క ఇవ్వబోయారు. వద్దన్నాను. ఆ అరటిపళ్ళ మనిషి మా బాబాయి. ఆ కనపడకుండా పోయినావిడ మా పిన్ని, మా అమ్మకి ఆఖరి చెల్లెలు. నేను ఆ బండి ఎక్కింది బాబాయిని చూడ్డానికే.

పిన్ని నాకంటే కొన్నేళ్ళే పెద్దది. బాపట్లలో మా మేనమామ ఇంట్లో సెలవులకి చేరినప్పుడు ఒకే దుప్పటి కింద పడుకుని కబుర్లాడుకున్నవాళ్ళం కాబట్టి, పిన్ని అన్న పిలుపే గానీ మా మధ్య పెద్దా చిన్నా ఉండేది కాదు. ఆవిణ్ణి రేపల్లెలో బట్టల కొట్టున్న ఇంటికిచ్చారు. పిల్లలు లేరు. బాబాయి మాట తక్కువ మనిషి. కొట్లో చీర విప్పి చూపించి, నచ్చలేదని వెళ్ళిపోయినా విసుక్కోకుండా అదే మడత మీద మళ్ళీ మడతపెట్టే ఓర్పు ఆయనది. పిన్నికి ఆ ఓర్పు మీదే కోపం. రాయితో కాపరం చేస్తున్నట్టుందే అని నాతో నవ్వుతూ అనేది. రేపల్లె నుంచి బాపట్ల వెళ్ళాలంటే తెనాలిలో బండి మారాలి కదా, ఆ మధ్య దొరికే కాస్త సమయంలో స్టేషన్ నుంచి రిక్షా ఎక్కి మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, రాయి కబుర్లు చెప్పి, పరుగెత్తుకుంటూ వెళ్ళేది. నేను అప్పుడు ఒక ప్రైవేటు బళ్ళో టీచరుగా చేసేదాన్ని, అమ్మ నా దగ్గరే ఉండేది.

పిన్ని వెళ్ళిపోయిన గొడవ ఎంత చిన్నదో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తాయి. చీరాల నుంచి కొత్త సరుకు వచ్చినప్పుడు పిన్ని తనకోసం ఒక చీర తీసి పక్కన పెట్టుకుంది, చిలకపచ్చ రంగు, ఆవపూవు అంచు. పెళ్ళిళ్ళ రోజులు, కొట్టు కిటకిటలాడుతోంది. ఎవరో అదే రంగు కావాలని పట్టుబడితే బాబాయి పక్కనున్న చీర తీసి ఇచ్చేశారు. మళ్ళీ తెప్పిస్తానుగా అన్నారట. అంతే. ఆ మధ్యాహ్నమే పిన్ని సంచీ సర్దుకుని బాపట్ల పోతున్నానని చెప్పి స్టేషన్‌కి నడిచింది. రేపల్లెలో బండి ఎక్కడం చూసినవాళ్ళున్నారు. తెనాలిలో దిగడం చూసినవాళ్ళున్నారు. ఆ తరవాత బాపట్ల వైపు బండి ఎక్కిందని గానీ, ఎక్కలేదని గానీ చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ రోజు కాఫీకి మా ఇంటికి రాలేదు.

ఇక్కడ మావైపు పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే ఆ అరటిపళ్ళ సంగతి మీకూ వింతగానే ఉంటుంది. ఇంటి ఆడపడుచు భర్తతో మాటా మాటా అనుకుని పుట్టింటికి వస్తే మా ఇళ్ళల్లో ఎవరూ ఏమీ అడగరు. ఎందుకొచ్చావనరు, ఎప్పుడెళ్తావనరు, కడుపునిండా పెడతారు. కొన్నాళ్ళకి అల్లుడు పళ్ళు పట్టుకుని, ఏదో పనిమీద ఆ ఊరొచ్చి ఇటు తొంగిచూసినట్టు వస్తాడు. ఆయన్నీ ఎవరూ అడగరు, ఆయనా భార్య పేరెత్తడు. వానల గురించీ, కాలవ నీళ్ళ గురించీ మాట్లాడుకుంటారు. ఆ మాటల మధ్యలో లోపల్నుంచి ఆవిడ సంచీతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది. గొడవ తీరిపోయినట్టే. ఒకవేళ రాలేదంటే ఇంకా కోపం చల్లారలేదని అర్థం, పళ్ళు అక్కడ పెట్టేసి వెళ్ళి మరికొన్నాళ్ళకి మళ్ళీ రావాలి. ఫలానా మనిషి మీ ఇంట్లో ఉందా అని నోరు తెరిచి అడగడం మాత్రం మహా మోటు. భార్య ఎక్కడుందో తెలియదని మగవాడు తన నోటితో ఒప్పుకున్నట్టు, ఆడపడుచుని దాచిపెట్టారని పుట్టింటివాళ్ళని నిలదీసినట్టు. మా అమ్మానాన్నల గొడవలూ ఇలాగే తీరాయి, నావీ ఇలాగే తీరాయి.

బాబాయి ఆ పద్ధతి ప్రకారమే కొన్నాళ్ళు ఆగి బాపట్ల వెళ్ళారు. మా మేనమామ ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి మర్యాద చేశాడు. పిన్ని తన దగ్గరికి రాలేదు కాబట్టి తెనాలిలో అక్క దగ్గరుందని మామయ్య ఊహ. పాపం ముందు తనని మంచి చేసుకోవడానికి బాబాయి వచ్చారనుకున్నాడు. లోపల్నుంచి పిన్ని రాలేదు గనక ఇంకా కోపంగా ఉందని బాబాయి ఊహ. తరవాత వారం మా ఇంటికి వచ్చారు. కాఫీ నేనే ఇచ్చాను. తీగ మీద ఆరేసిన చీరలకేసి ఆయన ఒక్కొక్కటీ చూడటం, లోపలిగది పరదా గాలికి కదిలినప్పుడల్లా తలెత్తడం నాకు బాగా గుర్తు. బాపట్ల వెళ్ళడానికి మొహం చెల్లక మన దగ్గరికొచ్చాడే అని అమ్మ వంటింట్లో నా చెవిలో గొణిగింది. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. మళ్ళీ బాపట్ల, మళ్ళీ తెనాలి. ప్రతి ఇంట్లోనూ పళ్ళు దించారు, కాఫీ తాగారు, వానల గురించి మాట్లాడారు. ప్రతి ఇల్లూ ఆవిడ ఇంకో ఇంట్లో క్షేమంగా ఉందనుకుంది.

చేబ్రోలులో మా దూరపు పెదనాన్నగారి పెద్దకర్మకి అందరం వెళ్ళాం. భోజనాల దగ్గర అమ్మ మామయ్యని పక్కకి పిలిచి మెల్లగా అడిగింది.

"ఏరా, దానికి కోపం తగ్గిందా? ఇంక పంపించెయ్యరా, పాపం ఆయన చిక్కిపోయాడు."

"అదేంటక్కా? నీ దగ్గరేగా ఉంది!"

అమ్మ చెయ్యి నా భుజం మీద పడింది. ముగ్గురం ఒక్కసారే బాబాయి వైపు చూశాం. బంతిలో కూర్చుని అన్నం కలుపుకుంటున్న మనిషి తలెత్తాడు. అక్కా తమ్ముడూ పక్కపక్కన నిలబడి తనకేసి చూడటం చూశాడు. అప్పుడు కూడా ఎవరూ ఏమీ అడగలేదు. బాబాయి ఎంగిలి చేత్తోనే విస్తరి ముందునుంచి లేచి నిలబడ్డారు.

ఫిర్యాదిస్తే పోలీసులు అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఇన్నాళ్ళూ ఏం చేశావు? పళ్ళు తీసుకుని వెళ్ళానండి అన్నారు బాబాయి. రాసుకుంటున్నాయన కలం ఆపి నవ్వాడని మామయ్య చెప్పాడు. పిలిచారు, కూర్చోబెట్టారు, పంపారు, మళ్ళీ పిలిచారు. కొట్టు నేల తవ్వి చూశారు. ఏమీ దొరకలేదు, ఆయన చేశాడనడానికీ చెయ్యలేదనడానికీ. ఊరు మాత్రం అప్పటికే కోడై కూస్తోంది. పెళ్ళిళ్ళ రోజుల్లో కూడా కొట్టు ఖాళీగా ఉండేది.

మరుసటి ఏడాది ఆ టీవీవాళ్ళు వచ్చారు. మామయ్య ససేమిరా వద్దన్నాడు, ఉన్న కాస్త పరువూ బజారున పడుతుందన్నాడు. వచ్చినాయన మాత్రం, ఆఖర్న ఆవిడ నిజమైన ఫోటో వేస్తాం, చూసినవాళ్ళు ఫోన్ చెయ్యమని నంబరు కూడా వేస్తాం, రాష్ట్రమంతా చూస్తుంది అన్నాడు. మా బాబాయి జీవితంలో గట్టిగా పట్టుబట్టిన సందర్భం అదొక్కటే.

"నన్నెలాగన్నా చూపించుకోండి బాబూ. ఏవన్నా అననివ్వండి. ఆఖర్న ఆవిడ ఫోటో ఒక్కటి వెయ్యండి."

రేపల్లె ఇంట్లో ఫోను లేదు కాబట్టి మా తెనాలి నంబరు ఇచ్చారు.

ఆ కార్యక్రమం మా ఇంట్లో ఎంత ముచ్చటగా చూసేవాళ్ళమో చెప్తే మీరు నవ్వుతారు. మా వీధిలో పెద్ద టీవీ మాదే కావడంతో ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవారు. సగం అయ్యేసరికి హంతకుడెవరో ఎవరి తీర్పు వాళ్ళు చెప్పెయ్యాలి, అదీ ఆట. అందరిలోకీ దిట్ట మా అమ్మ. కళ్ళు చూసి చెప్తానే అనేది. తప్పేది తక్కువ, నెగ్గినప్పుడు ఆవిడ మొహంలో వెలుగు చూడాలి! చచ్చిపోయింది ఎవరింటి మనిషో, వాళ్ళూ ఎక్కడో కూర్చుని ఇదే చూస్తున్నారేమో అన్న ఆలోచన మాకు ఏనాడూ రాలేదు.

ఆ వారం బాబాయి సాయంత్రం బండికి వచ్చారు. అందరి వెనకా గోడకి ఆనుకుని చాప మీద కూర్చున్నారు. అది మా ఇంటి కథేనని వీధిలో అందరికీ తెలుసు. జాలితో వచ్చినవాళ్ళున్నారు, చూడకుండా ఉండలేక వచ్చినవాళ్ళున్నారు. పేర్లు మార్చారు, మిగతాదంతా ఉన్నదున్నట్టే తీశారు, ఒక్క చీర విషయంలో తప్ప. కొట్లో ఆ చీర కొనుక్కున్నావిడ టీవీలో అందంగా నవ్వింది, మొగుడు ఆవిడకేసి అదోలా చూశాడు. ఇక పళ్ళు. ఒక్కొక్క ఇంటి ముందూ పళ్ళతో దిగుతున్న ఆ నటుడి మొహం మీద వెనకనుంచి సంగీతం మోగిస్తే, మా బాబాయి మర్యాద అంతా పచ్చి నటనలా కనిపించింది. ఎదురింటి మామ్మగారికి వయసు మీద పడి, ఎవరింట్లో ఉన్నదీ మర్చిపోయారో, అలవాటు కొద్దీ నోరు జారిందో గానీ, "వీడేనే! ఆ పళ్ళు చూడు, ఎంత టక్కరో!" అని తొడ చరిచారు. మరుక్షణం నాలుక కరుచుకున్నారు. ఆవిడ మనవరాళ్ళ మొగుళ్ళూ సరిగ్గా ఇలాగే పళ్ళు తెచ్చారు, నేనెరుగుదును. తన ఇంట్లో మర్యాద అనిపించింది టీవీలో కుట్రగా ఎలా కనిపించిందో ఆవిణ్ణి అడగాలనిపించింది. అడగలేదు. అమ్మ ఆ రోజు ఎవరి కళ్ళూ చూసి ఏమీ చెప్పలేదు.

కథ అయిపోయిందనుకుని అందరూ లేచారు. ఇబ్బందిగా ఉంది కదా, ఒక్కసారే లేచారు. మామ్మగారిని ఇద్దరు రెక్కపట్టి లేపుతున్నారు, పిల్లలు చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు, గుసగుసగా తీర్పులు నడుస్తూనే ఉన్నాయి. సరిగ్గా అప్పుడు పడింది మా పిన్ని ఫోటో. బాబాయి మోకాళ్ళ మీద లేచి, ఆ చీరల మధ్యనుంచి మెడ అటూ ఇటూ వంచుతూ, "కొంచెం తప్పుకోండమ్మా, కొంచెం తప్పుకోండి" అంటున్నారు, ఆ గొంతు ఎవరికి వినపడుతుంది? అడుగున లోకల్ కేబులువాళ్ళ ప్రకటన ఏదో పరుగెత్తుతూ నంబరుని మింగేసింది. అందరూ తప్పుకునేసరికి సబ్బు ప్రకటన వస్తోంది. రాష్ట్రమంతా ఇళ్ళల్లో ఆ క్షణాన మా ఇంట్లోలాగే జనం లేచి నిలబడి ఉంటారని నాకు ఆ తరవాత తట్టింది. తీర్పు చెప్పేశాక ఇంక ఫోటో ఎవరికి కావాలి?

అయినా ఫోన్లు వచ్చాయి. ఆ నంబరు ఎలా పట్టుకున్నారో మరి, వారాల తరబడి వచ్చాయి. బళ్ళో సెలవు పెట్టి నేనే ఎత్తేదాన్ని. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో, ఎంతో మర్యాదగా, ఏవండీ, మా అభిప్రాయం చెప్దామని చేశామండి అనేవారు. మొగుడే చేశాడండి అని ఒకాయన. కొట్టు పునాదిలో ఉంటుందండి అని ఒకావిడ. చాలా బాగా తీశారండి, మా ఇంట్లో అందరం ఏడ్చామండి అని ఇంకొకావిడ. ఆ వేషం వేసిన అమ్మాయి పేరేంటండి అని ఒక కుర్రాడు. ఆవిణ్ణి ఎక్కడైనా చూశారా అని అడిగితే ఆ ప్రశ్న తమకెందుకన్నట్టు, ఉంటామండి అని పెట్టేసేవారు. బాబాయి పక్కనే కుర్చీలో నా మొహంకేసి చూస్తూ ఉండేవారు. ఏమన్నారమ్మా? రాంగ్ నంబరు బాబాయ్. ఆయనకి తెలుసు. అయినా ప్రతిసారీ అడిగేవారు.

ఒక్క ఫోను మాత్రం నిజాంపట్నం నుంచి వచ్చింది. చేపలు ఎండబెట్టే చోట ఎవరో ఆడమనిషి ఉంటోంది, మాట లేదు, మీ ఫోటోలాగే ఉంది అన్నారు. బాబాయీ నేనూ వెళ్ళాం. దారంతా ఆయన బస్సులో చేతులు జోడించుకునే కూర్చున్నారు. ఆవిడ వేరే ఎవరో. ఎండకి నల్లబడి, వంగి చేపలు తిరగేస్తోంది. బాబాయి చాలాసేపు ఆవిడ ముందు నిలబడి, ఈవిడా ఎవరింటి మనిషో కదమ్మా, వాళ్ళూ వెతుకుతూ ఉంటారు అన్నారు. అంతకంటే మంచి మాట ఆ ఏడాదంతా ఫోనులో ఒక్కరి నోటా నేను వినలేదు.

ఆ తరవాత ఏళ్ళు గడిచాయి, చెప్పడానికేమీ లేని ఏళ్ళు. మామయ్య పోయాడు. అమ్మ పోయింది, పోయేముందు కూడా నాతో పిన్ని పేరెత్తలేదు. బాబాయి కొట్టు అద్దెకిచ్చేసి వెనక గదుల్లో ఉంటున్నారు. ఆ కొట్లో ఇప్పుడు ఫోన్లు అమ్ముతారు. ఆ ఫోన్ల కొట్టతనే, మంచి ఉద్దేశంతోనే పాపం, తాతగారూ మీ కథ వచ్చిందండి అని ఫోనులో పెట్టిచ్చి, చూడటం నేర్పాడు. బాబాయి సంబరపడి నాకు కబురు పెట్టారు. మళ్ళీ ఫోటో పడుతుందమ్మా, ఈసారి లోకమంతా చూస్తుంది అన్నారు. వెళ్ళి చూశాను. మొత్తం ఉంది. చీర ఉంది, పళ్ళున్నాయి, ఆ నటుడి దొంగచూపులున్నాయి. ఆఖర్న ఫోటో లేదు. ఆ ముక్క కత్తిరించేసి, ఇంకో భాగం చూడమని బొమ్మ పెట్టారు. ఏ ఒక్కదాని కోసం ఆయన అన్నిటికీ తల ఒగ్గారో అదొక్కటే పోయి, మిగిలినదంతా మిగిలింది.

కింద అభిప్రాయాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఒక్కొక్కటే పైకి తోస్తూ, అన్నీ చదివేవారు. ఎందుకు బాబాయ్, మానెయ్యండి అంటే, వీళ్ళల్లో ఎవరో ఒకరు చూసే ఉంటారమ్మా, ఆ మాట మనం చదవకుండా పోతే ఎలా అనేవారు. మొగుడే, మొగుడే, నూటికి నూరుపాళ్ళు మొగుడే. ఆ మాటల మధ్య రాని ఒక్క మాట కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని చదివేవారు.

రెండేళ్ళుగా ఆయనకి మతిమరుపు మొదలైంది. ముందు ఊళ్ళ పేర్లు, తరవాత మనుషుల పేర్లు. ఒకసారి ఫోనులో పిన్ని వేషం వేసి ఏడుస్తున్న నటిని చూపించి, మీ పిన్ని అప్పుడెంత చక్కగా ఉండేదో చూడు అన్నారు. నా దగ్గరున్న అసలు ఫోటో తీసి చూపిస్తే, ఎవరమ్మా ఈవిడ, మీ బళ్ళో టీచరా అన్నారు. ఆ రోజు నేను పెరట్లోకెళ్ళి పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఆ తరవాతదే అసలు కష్టం. ఒక సాయంత్రం మామూలుగా, కూర బాగుందన్నంత మామూలుగా అన్నారు.

"నేనే కదమ్మా మీ పిన్నిని చంపేసింది? ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు."

కాదు బాబాయ్, మీరేం చెయ్యలేదు, ఆవిడ తెనాలిలో దిగింది, చూసినవాళ్ళున్నారు అని మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. ఇంతమంది చెప్తున్నారుగా, అందరూ అబద్ధమాడతారా అన్నారు. గట్టిగా, గడ్డం పట్టుకుని చెప్పాను. చివరికి నమ్మారు. నమ్మగానే ఆ మొహం చూడలేకపోయాను. మరైతే ఎక్కడుందమ్మా అంటూ లేచి, చొక్కా వేసుకుని, స్టేషన్‌కి బయల్దేరారు. ఫోన్ల కొట్టతనూ నేనూ కలిసి వెనక్కి తెచ్చాం. నేను వెళ్ళిన ప్రతిసారీ ఇదే జరిగింది. నేను ఆయన్ని నిర్దోషిని చేసిన ప్రతిసారీ పిన్ని ఆ క్షణానే కొత్తగా తప్పిపోయేది. చంపలేదని చెప్పగలను గానీ, ఎక్కడుందో చెప్పలేను కదా.

మా రోజుల్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అడిగేవాళ్ళం కాదు, అడిగితే ఎదుటివాళ్ళ మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనని. ఇప్పుడు అడక్కపోయినా అందరూ చెప్తున్నారు, ఎవరి మనసు ఏమైపోయినా. ఈ కాలాన్ని తిట్టి నా కాలాన్ని పొగుడుకునే ధైర్యం నాకు లేదు. మా మర్యాదలోనే పిన్ని పోయింది. ఆ బండిలో జామకాయ ఇవ్వబోయిన ఆడవాళ్ళకి నేను ఎవరినో చెప్పినా ఏమయ్యేది? అయ్యో అనేవారు, నిజంగానే అనేవారు, దిగిపోయేవారు. రాసింది అక్కడే ఉండేది.

ఆ రోజు రేపల్లెలో దిగి, వండి, పెరుగన్నం కలుపుతుంటే బాబాయి మళ్ళీ అడిగారు, నేనే కదమ్మా అని. తలెత్తకుండా ఊఁ అన్నాను. ఆయన తేలిగ్గా ఊపిరి వదిలి, కంచం ముందుకి జరుపుకున్నారు. చాలా రోజుల తరవాత కడుపునిండా తిన్నారు. ఆ పూట ఆవిణ్ణి వెతకడానికి బయల్దేరలేదు.